పెక్టిన్ పాఠాలు – 3: చీనీ తొక్కల నుంచి పెక్టిన్ ద్రవం

పోయిన పాఠంలో తొక్క పైన ఉండే ఆకుపచ్చ పొరను పలచగా గీకేయడం నేర్చుకున్నాం. చేదు నూనె, మందుల అవశేషాలు ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే. మనకు కావలసిన పెక్టిన్, అంటే జామ్‌ను గట్టిపరిచే పదార్థం, దాని కింది తెల్లటి మెత్తని భాగంలో ఉంటుంది. ఎండిన నిమ్మజాతి తొక్క బరువులో దాదాపు 20–30 శాతం పెక్టినే. అనంతపురం, పులివెందుల వైపు చీనీ కాయలకు కొదవ లేదు, జ్యూస్ బండ్ల దగ్గర తొక్కలు బుట్టలకొద్దీ పోగవుతాయి. ఉదయం ఒలిచినవి అదే రోజు వాడండి. బూజు పట్టిన తొక్క ఒక్కటి కూడా కలవకూడదు, బూజు పెక్టిన్‌ను తినేస్తుంది. మిషన్ నుంచి వచ్చే పిప్పిని కూడా పక్కన పెట్టండి, అది గంటల్లోనే పులిసిపోతుంది.

ముందు నీళ్ల సంగతి. మన బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా, ఈ పనికి అడ్డం వచ్చేది అదే. ఆ సున్నం మనం వేసే పులుపును కొంత మింగేస్తుంది, పైగా అందులోని కాల్షియం పెక్టిన్‌ను పట్టుకుని తొక్కలోనే ఉంచేస్తుంది. అందుకే ఆర్వో క్యాన్ నీళ్లు గానీ, వడకట్టిన వాన నీళ్లు గానీ వాడండి. గిన్నె స్టీలుదే కావాలి. పులుపు అల్యూమినియం గిన్నెను తినేస్తుంది, ఆ లోహం ద్రవంలోకి దిగుతుంది.

కిలో తెల్లపొరను చిటికెన వేలి గోరంత ముక్కలుగా కోయండి. మిక్సీలో వేయొద్దు, గుజ్జయితే గుడ్డలోంచి దిగదు. రెండు లీటర్ల నీళ్లు తెర్లుతున్నప్పుడే ముక్కలు వేసి, మళ్లీ తెర్లడం మొదలయ్యాక ఐదు నిమిషాలు ఉంచండి. చాలామందికి పని చెడేది ఇక్కడే. చన్నీళ్లలో ముక్కలు వేసి నిదానంగా కాస్తే, గోరువెచ్చగా ఉన్నంతసేపూ తొక్కలోని ఎంజైమ్ పని చేస్తూ పెక్టిన్ స్వభావాన్ని మార్చేస్తుంది. అలా మారినది కాల్షియంతో బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత ఉడికించినా ద్రవంలోకి రాదు. తెర్లే నీళ్లు ఆ ఎంజైమ్‌ను చంపేస్తాయి.

ఆ నీళ్లు వంపేసి, ముక్కలను చల్లటి నీళ్లలో పావుగంట నానబెట్టి పిండండి. చేదు తగ్గేదాకా రెండు మూడుసార్లు ఇలా చేయండి. పెక్టిన్ పోతుందని భయం వద్దు, చల్లటి నీళ్లలో అది పెద్దగా కరగదు.

ఇప్పుడు మూడు లీటర్ల నీళ్లలో 60 గ్రాముల నిమ్మ ఉప్పు (తినడానికి పనికొచ్చే సిట్రిక్ యాసిడ్) కరిగించి ముక్కలు వేయండి. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముంచితే 2 నుంచి 2.5 మధ్య చూపాలి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). 3 దగ్గరుంటే ఐదేసి గ్రాములు కలుపుతూ మళ్లీ చూడండి. 85–90 డిగ్రీల వేడిలో గంటసేపు, అప్పుడప్పుడూ కలుపుతూ ఉంచండి. అంచున చిన్న బుడగలు కనిపిస్తే చాలు. కుతకుత ఉడికిస్తే, గంటల తరబడి పొయ్యి మీద వదిలేస్తే పెక్టిన్ గొలుసులు తెగిపోతాయి. అప్పుడు ద్రవం వస్తుంది గానీ జామ్ గట్టిపడదు. ముక్కలు అద్దంలా మారి, చల్లారిన చుక్క వేళ్ల మధ్య జారుడుగా తగిలితే దించేయండి.

వేడి మీదే ముందు జల్లెడలో, తర్వాత నాలుగు మడతల మల్లు గుడ్డలో వడకట్టండి. చల్లారితే చిక్కబడి దిగదు. గుడ్డను పిండకండి, పిండితే పీచు దిగి ద్రవం మడ్డిగా అవుతుంది.

చల్లారిన ద్రవం ఒక చెంచా గ్లాసులో పోసి, మందుల షాపులో దొరికే స్పిరిట్ మూడు చెంచాలు కలిపి, కదిలించకుండా ఒక నిమిషం ఆగండి. ఫోర్కుతో ఎత్తితే ఒకే ముద్దగా లేస్తే పెక్టిన్ బాగా ఉన్నట్టు. రెండు మూడు ముద్దలైతే మధ్యరకం. తునకలుగా విడిపోతే పలచన, ఆ ద్రవాన్ని వెడల్పాటి గిన్నెలో సన్నసెగ మీద మూడో వంతు తగ్గేదాకా ఇగరనివ్వండి. జెల్ శానిటైజర్‌తో ఈ పరీక్ష చేయొద్దు, అందులో ముందే చిక్కదనం కోసం వేరే పదార్థం ఉంటుంది. పరీక్ష చేసినది విషం, రుచి చూడకుండా పారబోయండి. ఆ స్పిరిట్‌తోనే పెక్టిన్‌ను విరిచి ఎండబెట్టి పొడి చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. తినే వస్తువుకు అది ఎంతమాత్రం కూడదు. పొడి చేయాలంటే ఆహారానికి తగిన ఆల్కహాలే కావాలి, దానికి అనుమతులు ఉండాలి. ఇంటి జామ్‌కు, చిన్న యూనిట్‌కు ద్రవమే చాలునన్నది మా గట్టి అభిప్రాయం.

సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో వారం, గడ్డకట్టిస్తే కొన్ని నెలలు ఉంచుకోవచ్చు. సీసా మీద తేదీ, పీహెచ్, ముద్ద ఏ రకమో రాసిపెట్టండి. వచ్చే పాఠంలో బొప్పాయి జామ్‌కు ఈ ద్రవం ఎంత పోయాలో, నిమ్మరసం ఎంత తగ్గించాలో ఆ చీటీని బట్టే లెక్క కడతాం.