ఛాంబర్ తలుపు మూసే ముందు

ఈ ఛాంబర్ గాలి ఒత్తిడి తగ్గించి, ఆకాశంలో ఎత్తుకు వెళ్లిన పరిస్థితిని నేలమీదే కల్పించే శిక్షణ గది. శిక్షణకు వచ్చినవాళ్లను, జలుబు ఉందేమో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగండి. నలుగురిలో అడిగితే ‘ఏం లేదు సార్’ అనేస్తారు. ముక్కు దిబ్బడతో ఎక్కితే కిందికి దిగేటప్పుడు చెవినొప్పి తట్టుకోలేరు. అలాంటివాళ్లను ఆ రోజుకి ఆపేయాల్సిందే.

- గత 24 గంటల్లో స్కూబా డైవింగ్ చేసినవాళ్లు వద్దు.
- ముందురోజు రాజ్మా, శనగలు, సోడా మానేయమనండి. 18,000 అడుగులకే పొట్టలో గ్యాస్ రెట్టింపు దాటుతుంది.
- లిప్ బామ్, జిడ్డు తుడిపించండి. ఆక్సిజన్ దగ్గర అవి మంటకు దారి.
- మాస్క్ అంచు వెంట వేలు తిప్పి చూడండి. గడ్డం ఉంటే గాలి అక్కడే లీకవుతుంది.
- 30 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ పీల్చాలి, లోపలికెళ్లే మీరు కూడా. మధ్యలో మాస్క్ తీస్తే మళ్లీ మొదటినుంచి.
- నెయిల్ పాలిష్ తీయించండి. ఆక్సిజన్ కొరత ఎలా ఉంటుందో చూపడానికి 25,000 అడుగుల్లో మాస్క్ తీయించాక తెలివి పనిచేసేది 3 నుంచి 5 నిమిషాలే. గోళ్లు నీలం తిరగడం మీకు కనబడాలి.