కళాశాలలో తోటివారికి అండగా నిలవడం ఎలా?

ఉన్నత విద్యాసంస్థల్లో ప్రవేశం వరకు చట్టం కొంత దారి వేసింది. వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలిచ్చే 15(4) అధికరణను 1951లో తొలి సవరణ రాజ్యాంగంలో చేర్చింది. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లను 2006 నాటి చట్టం నిర్దేశించింది. నిర్దేశిత స్థాయి (కనీసం 40 శాతం) వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆదేశించింది. అలా లోపలికి వచ్చిన విద్యార్థి తరగతిలో, హాస్టల్లో, ల్యాబులో, పరీక్ష హాలులో ఎలా గడుపుతారన్నది మాత్రం చాలావరకు తోటి విద్యార్థుల, అధ్యాపకుల చేతుల్లోనే ఉంటుంది. చదువుకున్న ఇంట్లో పుట్టి, ఫీజు గురించి బెంగ లేకుండా కళాశాలకు వచ్చినవారు, అలాంటి ఇళ్ల నుంచే వచ్చిన అధ్యాపకులు తమ వంతుగా ఏం చేయవచ్చో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మీరు ఎక్కడి నుంచి బయలుదేరారో ఒకసారి లెక్క చూసుకోండి. ప్రవేశ పరీక్ష తరువాత కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినప్పుడు మీ పక్కన ఎవరు కూర్చున్నారో గుర్తు చేసుకోండి. ఏ కళాశాలలో ఏ బ్రాంచి మంచిదో తెలిసిన అక్కో మేనమామో ఉండి ఉంటారు. ఇంట్లో మొదటిసారిగా ఇంజినీరింగు చదవబోతున్న పిల్లవాడికి ఊళ్లోని నెట్ సెంటర్ అబ్బాయి చెప్పినదే సలహా. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన ఆ తేడా చెరిగిపోదు. సమన్యాయం అంటే ఈ తేడాను లెక్కలోకి తీసుకుని, ఎవరికి ఏది తక్కువైందో అది అందేలా చూడడం. అందులో దయ చూపడానికి ఏమీ లేదు.

తొలి రోజుల్లో మానుకోవలసిన ప్రశ్న ఒకటుంది: "నీ ర్యాంకెంత?" అడిగేవారికి అది మామూలు పరిచయం కావచ్చు, కానీ రిజర్వేషన్ సీట్లకు కటాఫ్ ర్యాంకు వేరు కాబట్టి చాలా క్యాంపస్‌లలో కులం ఆరా తీయడానికి అదే అడ్డదారి అని అందరికీ తెలుసు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకును, గేట్ స్కోరును అడగడం తగదని ఐఐటీ బాంబే 2023లో తన విద్యార్థులకు మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చిందంటే ఆ ప్రశ్న ఎంత నొప్పిస్తుందో ఊహించుకోవచ్చు. ఇంటిపేరు వినగానే "మీరేమిట్లు?" అని అడగడమూ అలాంటిదే. అధ్యాపకులు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తు చేయవలసినవారి పేర్లను వర్గాల వారీగా తరగతిలో చదివి వినిపించడం వల్ల ఆ పని త్వరగా అయిపోవచ్చు, కానీ అరవై మంది ముందు కొందరి మీద ఒక ముద్ర పడుతుంది. అదే సమాచారాన్ని ఎవరి ఫోనుకు వారికి పంపితే సరిపోతుంది.

భాష దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ఎక్కువ మందిని మౌనంగా కూర్చోబెడుతున్నది అదే. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థికి థర్మోడైనమిక్స్ అర్థమవుతుంది, వైవాలో ఇంగ్లీషు వాక్యం నోట రాదు. ఎగ్జామినరు దాన్ని విషయం రాకపోవడంగా రాసుకుంటారు. అరకు లోయ నుంచో ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచో వచ్చిన విద్యార్థికి ఇంట్లో కువియో, గోండియో, కొలామియో మాతృభాష అయినప్పుడు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఇవి చాలనట్టు శ్రీకాకుళం యాసనో పాలమూరు యాసనో అనుకరించి నవ్వడం కూడా ఉంటుంది. అలాంటి నవ్వులో మీరు గొంతు కలపకండి. అధ్యాపకులైతే, ప్రశ్న అడిగిన వెంటనే చేయెత్తినవారి వైపు తిరగకుండా, అందరికీ రెండు నిమిషాలు రాసుకునే సమయం ఇచ్చి, ఆ తరువాత జవాబులు అడగండి. వైవాలో "తెలుగులో చెప్పినా ఫరవాలేదు, సాంకేతిక పదాలు మాత్రం ఇంగ్లీషులోనే వాడు" అని ముందే చెప్పండి. అలా అన్న తరువాత అదే విద్యార్థి బోర్డు మీద బొమ్మ గీసి మరీ వివరించడం చూస్తారు. తోటి విద్యార్థులు చేయగల మేలు ఇంకా సులువైనది. ప్రాజెక్టు బృందాలను ముందుగా పరిచయమున్న వారితోనే నింపుకోకుండా, కొత్తవారికి ఫైలు టైపు చేసే పని మాత్రమే అప్పగించకుండా, ప్రెజెంటేషన్‌లో ఒక భాగం వారిచేత చెప్పించండి. ముందురోజు రాత్రి వారితో కలిసి ఒకసారి అభ్యాసం చేయండి.

వైకల్యం విషయంలో మంచి మనసు కన్నా ముందస్తు ఏర్పాటు ముఖ్యం. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి, అంటే మూడు గంటల పేపరుకు మరో గంట. కాగితం మీద ఉన్న ఈ హక్కు పరీక్ష హాలులో ఎలా జారిపోతుందో చూడండి: పర్యవేక్షకుడికి ఎవరూ చెప్పి ఉండరు, మూడో గంట ముగియగానే ఆయన జవాబు పత్రాలు కట్ట కడతారు, విద్యార్థి అందరి ముందూ తన ధ్రువపత్రం చూపించి బతిమాలుకోవాలి. విభాగంలో ఒక అధ్యాపకుడు టైంటేబుల్ వెలువడిన రోజే పరీక్షల విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ గది పర్యవేక్షకుడితో ఉదయమే మాట్లాడితే ఈ అవమానం జరగదు. లేఖకుడి సాయం నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవారికే పరిమితం కాదని సుప్రీంకోర్టు 2021లో వికాస్ కుమార్ కేసులో తేల్చింది కాబట్టి, చేతిరాత కష్టమైన విద్యార్థి అడిగినప్పుడు "నలభై శాతం సర్టిఫికెట్ ఉందా?" అంటూ తిప్పి పంపకండి. ఏ సాయం కావాలో మాత్రం వారినే అడగండి. అడగకుండా చేయి పట్టుకుని నడిపించడం చాలామందికి నచ్చదు.

డబ్బు సంగతి క్లుప్తంగానే చెబుతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ భారం విద్యార్థి మీద పడకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఈ మాట ఆఫీసు కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడిన విద్యార్థి కన్నా, అతని వెంట వెళ్లిన విభాగాధిపతి చెబితే త్వరగా వింటారు.

అండగా నిలవడంలో అసలు పరీక్ష మీ ఎదుటే ఎవరినైనా కించపరిచినప్పుడు ఎదురవుతుంది. "కోటాలో వచ్చినవాళ్లు" అనే మాట మెస్‌లో వినబడితే ఆ క్షణంలోనే ఆపండి. "ఆ మాట బాగాలేదు, వదిలెయ్" అన్న ఒక్క వాక్యం చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. ఆ తరువాత బాధితులతో విడిగా మాట్లాడి, వారు ఏం కోరుకుంటున్నారో వినండి. వారి తరఫున మీరే నిర్ణయం తీసుకుని, వారి పేరుతో పోస్టులు పెట్టడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఒకే వర్గంలోని వారంతా ఒకేలా ఆలోచిస్తారని కూడా అనుకోకండి. ఎస్సీల్లోనే అవకాశాలు సమానంగా అందలేదన్న వాదన దశాబ్దాలు సాగి, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణకు, అంటే ఎస్సీ కోటాను ఉపవర్గాలకు విడివిడిగా పంచడానికి, అనుమతి ఇచ్చింది. తెలంగాణ 2025లో తన 15 శాతం ఎస్సీ కోటాను మూడు ఉపవర్గాలకు పంచింది. ఈ విషయంలో బయటివారు తీర్పరులు కానవసరం లేదు.

అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులూ ఇది తమకు సంబంధించిన విషయం కాదనుకోరాదు. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022లో కులాన్ని వివక్ష నిషేధ విధానాల్లో చేర్చాయి. అపార్టుమెంటులో రూమ్మేటు కోసం వెతికేటప్పుడు వేసే కుల ప్రశ్న అక్కడ కూడా అభ్యంతరకరమే.

ఫిర్యాదు దాకా వస్తే దారి తెలిసి ఉండాలి. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెప్పాయి. లైంగిక వేధింపులకు అంతర్గత కమిటీ వేరుగా ఉంటుంది. కుల వివక్ష ఆరోపణల మధ్య 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, 2019లో ముంబైలో వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి ప్రాణాలు తీసుకున్న తరువాత, వారి తల్లులిద్దరూ కలిసి ఇలాంటి ఏర్పాట్లు నిజంగా పనిచేయాలని సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. కాబట్టి మీ సంస్థలో ఆ అధికారి ఎవరో, ఆయన గది ఎక్కడో అవసరం రాకముందే తెలుసుకోండి. మీరు చూసినది చూసినట్టు తేదీ, సమయం, అన్న మాటలతో సహా అదే రోజు రాసి పెట్టుకోండి, సాక్షిగా సంతకం చేయడానికి వెనుకాడకండి. ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో ఆ వ్యక్తే ఆ విద్యార్థి ఇంటర్నల్ మార్కులు వేసేవారైనా, పరిశోధన గైడ్ అయినా, మూల్యాంకనం మరొకరికి అప్పగించమని ఫిర్యాదు పత్రంలోనే లిఖితపూర్వకంగా కోరండి. విచారణ ముగిశాక ఆ సెమిస్టరు మార్కులు ఎలా పడ్డాయో కూడా చూడండి.