రెండు రకాల సోలార్ ప్యానెళ్లు, ఒకే వ్యాన్ బ్యాటరీ

మా ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్‌ను క్యాంపర్‌గా, అంటే లోపలే ఉంటూ తిరిగేలా, మార్చుకున్నప్పుడు పైన రెండు ప్యానెళ్లు వేయించాను. ఒకటి ఊళ్లో కరెంటు పోతే ఫ్యాను తిరగడానికి నాన్నగారు పెట్టించిన పాత 100 వాట్లది. రెండోది కొత్తగా కొన్న 335 వాట్లది. బిగించినతను ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపేసి (దీన్నే పారలల్ అంటారు), మొత్తం 435 వాట్లు అన్నాడు. మిట్టమధ్యాహ్నం చూస్తే, ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు పంపే కంట్రోలర్‌లో 215 వాట్లు దాటలేదు. అనుమానమొచ్చి పాత ప్యానెల్ కనెక్షన్ తీసేశాను. అంకె 270కి ఎక్కింది. రెండూ కలిసి ఇచ్చినదానికంటే పెద్దది ఒక్కటే ఎక్కువ ఇస్తోంది!

కారణం ప్యానెల్ వెనక స్టిక్కర్ మీదే ఉంది. వాట్ల సంగతి వదిలేసి విఎంపీ (Vmp), ఐఎంపీ (Imp) అని ఉన్న అంకెలు చూడండి; ప్యానెల్ గరిష్ఠ పవర్ ఇచ్చేటప్పటి వోల్టులు, ఆంపులు అవి. నా పాతది 18 వోల్టులు, 5.5 ఆంపులు. కొత్తది 38 వోల్టులు, 8.8 ఆంపులు. పారలల్‌లో పెడితే పెద్దది కూడా చిన్నదాని వోల్టేజీకి దిగాల్సిందే. 18 వోల్టుల దగ్గర ఇద్దరి ఆంపులూ కూడినా 260 వాట్లు రావు, ప్యానెల్ వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్సును రెండోదాని మైనస్సుకు కలిపితే, వోల్టులు కలుస్తాయి కానీ ఆంపులు 5.5 దగ్గరే ఆగుతాయి. 56 వోల్టులు ఇంటూ 5.5, అంటే 308 వాట్లు; కొత్తదాని 335 కంటే అదీ తక్కువే.

అందుకే వోల్టులు దగ్గరగా ఉంటే, ఒకటి 100, ఒకటి 165 వాట్లయినా సరే, పారలల్ చేయండి. ఆంపులు దగ్గరగా ఉంటే సిరీస్. అప్పుడు రెండు ప్యానెళ్ల విఓసీ (Voc, లోడ్ లేనప్పటి వోల్టేజీ) కూడి, ఆ మొత్తం కంట్రోలర్ వోల్టేజీ పరిమితికి 20 శాతం తక్కువలో ఉందో లేదో చూసుకోండి. లంబసింగి లాంటి చోట డిసెంబరు తెల్లవారుజామున చలికి వోల్టేజీ పెరుగుతుంది.

నాలాగా వోల్టులూ ఆంపులూ రెండూ కలవకపోతే దేని కంట్రోలర్ దానికే. పెద్దదానికి 100 వోల్టుల, 30 ఆంపుల ఎంపీపీటీ (MPPT) పెట్టాను; ఎక్కువ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చి పవర్ వృథా కానివ్వని రకం కంట్రోలర్ అది. దానికి పీడబ్ల్యూఎం (PWM) అనే చవక రకం పెడితే ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది, 120 వాట్లు కూడా రావు. చిన్నదానికి మాత్రం 10 ఆంపుల పీడబ్ల్యూఎం చాలు. రెండూ ఒకే 12 వోల్టుల లిథియం బ్యాటరీకి వెళ్తాయి. రెండింటిలోనూ ఛార్జింగ్ వోల్టేజీ ఒకటే పెట్టండి, నాది 14.2. ఒక్క జాగ్రత్త మర్చిపోవద్దు: రెండు ప్యానెళ్ల మైనస్ వైర్లను ఎక్కడా కలపకండి, బాడీకీ తగిలించకండి. చవక పీడబ్ల్యూఎంలలో చాలావాటికి స్విచింగ్ మైనస్ వైపే జరుగుతుంది. కలిపితే ఆ కంట్రోలర్‌ను దాటేసి కరెంటు వెళ్లిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ప్యానెళ్ల మీద మందపాటి దుప్పటి కప్పండి. ఎండలో, కరెంటు పారుతుండగా ఎంసీ4 (ప్యానెల్ వైర్ల చివరి ప్లగ్గు) కనెక్టర్ లాగితే నిప్పురవ్వలు వస్తాయి. ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు కలపండి, ఆ తర్వాతే ప్యానెల్‌ను. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ తీయాలి. ప్యానెల్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్, ఎంపీపీటీ నుంచి బ్యాటరీకి 10 స్క్వేర్ ఎంఎం వాడాను. ఫ్యూజులు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే ఉండాలి: ఎంపీపీటీకి 40 ఆంపులు, పీడబ్ల్యూఎంకు 10.

ఇప్పుడు మధ్యాహ్నం పెద్దది అదే 270 ఇస్తోంది, నాన్నగారి ప్యానెల్ పక్కనుంచి 5 ఆంపులు కలుపుతోంది. మొదటి రోజు గంటసేపు ఎండలో ఉంచాక ఫ్యూజు హోల్డర్ మీద చెయ్యి పెట్టి చూడండి. చుర్రుమంటే ఆ లగ్ (వైరు చివరి లోహపు కొస) సరిగ్గా క్రింప్ కాలేదు, అంటే వైరు మీద గట్టిగా నొక్కుకోలేదు, కోసేసి మళ్లీ వేయండి.