మతచర్చను నడపడం, 4వ పాఠం: మాట ఎవరికి తగిలింది?

ఈ పాఠంలో అసలు చెప్పాలనుకున్నది, ఒక్కరే గంటసేపు మాట్లాడుతుంటే ఎలా ఆపాలన్న సంగతి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి చర్చలు నడిపినవాళ్ళు ఏం జరిగిందో నాకు రాశారు. అవి చదువుతుంటే తప్పు నా దగ్గరే మొదలైందని తెలిసింది. "విషయం దాటిన జవాబును ఆపండి, ద్వేషం ఉన్న జవాబును ఇంకా ముందే ఆపండి" అని రెండింటినీ ఒక్క వాక్యంలో చెప్పేశాను. మీరు రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. పక్కదారి పట్టినవాళ్ళను కూడా తిట్టినవాళ్ళతో సమానంగా కూర్చోబెట్టారు. ఒకచోట పదకొండు మంది నోరు విప్పితే తొమ్మిది మందిని ఆపారు. మిగిలిన ఇద్దరూ చర్చ నడిపేవారి అభిప్రాయానికే దగ్గరగా ఉన్నవాళ్ళు. అలాంటి చోటికి మిగతావాళ్ళు మళ్ళీ రారు.

అందుకని వెనక్కి వెళ్దాం. విషయం దాటడం ప్రశ్నకు సంబంధించిన తప్పు. ద్వేషం మనిషికి సంబంధించిన తప్పు. మొదటిదానికి మందలింపు అక్కర్లేదు, చోటు మార్చితే చాలు.

ఈ తేడా మన పెద్దలకు బాగా తెలుసు. గౌతముడి న్యాయసూత్రాల్లో వాదంలో ఓడిపోయే సందర్భాలు 22 చెప్పారు. (ఈ గౌతముడు బుద్ధుడు కాదు, ఇక్కడ న్యాయం అంటే తర్కశాస్త్రం.) వాటిని నిగ్రహస్థానాలు అంటారు. వాటిలో ఒకటి అర్థాంతరం: ఎత్తుకున్న విషయం వదిలేసి, దానితో సంబంధం లేని ఇంకో మాట మాట్లాడటం. అది వాదంలో ఓటమి, అంతేగానీ నేరం కాదు. అదే శాస్త్రం వాదం, జల్పం, వితండ అని మాట్లాడే తీరును మూడుగా విడదీసింది. నిజం తెలుసుకోవడానికి మాట్లాడేది వాదం. ఎలాగైనా గెలవడానికి మాట్లాడేది జల్పం. తన పక్షం ఏమిటో చెప్పకుండా ఎదుటివాడి పక్షాన్ని కూలగొట్టడానికే మాట్లాడేది వితండ. మనం మామూలుగా మొండి వాదనలన్నిటినీ వితండవాదం అనేస్తాం గానీ, అసలు అర్థం ఇంత కచ్చితంగా ఉంది. చర్చ నడిపేవారు చెయ్యాల్సింది ఒక్కటే, జల్పాన్నీ వితండనీ మెల్లగా వాదం వైపు తిప్పడం.

ఇప్పుడు ఒక ప్రశ్న తీసుకుందాం. మీలో ముగ్గురు ఇదే ప్రశ్నతో చర్చ నడిపారు, ముగ్గురూ దాదాపు ఒకే చోట తడబడ్డారు. బోర్డు మీద రాసిన ప్రశ్న ఇది: "ప్రార్థన చేసినా జబ్బు తగ్గనప్పుడు, దాన్ని మీ విశ్వాసం ఎలా అర్థం చేసుకుంటుంది?"

మొదటి జవాబు: "వినలేదని మేం అనుకోం. తట్టుకునే బలం ఇచ్చాడనుకుంటాం." ఇది సరిగ్గా ప్రశ్నకు జవాబు. దీని గురించి చెప్పడానికేమీ లేదు.

రెండో జవాబు పెద్ద గొంతుతో వచ్చింది: "అసలు దేవుడే లేనప్పుడు వినేదెవరండీ?" ముగ్గురూ దీన్ని ఆపారు. ఇద్దరు క్షమాపణ కూడా చెప్పమన్నారు. నాకు నిజంగా బాధ కలిగింది ఇక్కడే. ఆ వాక్యంలో ఎవరికి దెబ్బ తగిలింది? దేవుడున్నాడన్న నమ్మకానికి తగిలింది. ఎదురుగా కూర్చున్న మనిషికి తగల్లేదు. అది విషయం దాటిన మాట, ఎందుకంటే ప్రశ్న నమ్మేవాళ్ళు ఎలా అర్థం చేసుకుంటారని. నేనైతే ఇలా అంటాను: "దేవుడున్నాడా లేడా అనేది పెద్ద ప్రశ్న. దాన్ని బోర్డు అంచున రాస్తున్నాను. ఇప్పుడు మాత్రం ఈ ప్రశ్న దగ్గరే ఉందాం." రాయడం నిజంగా రాయాలి. ఊరికే "తర్వాత చూద్దాం" అంటే ఎవరూ నమ్మరు.

మూడోవారు ఒక అధ్యయనం గురించి చెప్పారు. అది నిజంగా జరిగిందే. 2006లో అమెరికాలో ఆ ఫలితాలు ప్రచురించారు. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మందిని మూడు గుంపులు చేసి, అపరిచితులతో కొందరి కోసం ప్రార్థన చేయించారు. తమ కోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్ళలో, ప్రార్థన వల్ల ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. తమ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్ళలో ఇబ్బందులు కొంచెం ఎక్కువగానే కనిపించాయి. ఒకరు దీన్ని "సైన్సు కాబట్టి" సాగనిచ్చారు, ఇంకొకరు "రెచ్చగొట్టడం" అని ఆపారు. రెండూ తప్పే. నిజమైన సమాచారం కూడా అడగని ప్రశ్నకు జవాబైతే అర్థాంతరమే. అలాగని చెప్పినవారి ఉద్దేశం చెడ్డదని దాని వల్ల తేలదు. దీనికి కూడా బోర్డు అంచునే చోటు.

నాలుగో జవాబు చాలా మెత్తగా, చిరునవ్వుతో వచ్చింది: "పాపం, చదువుకోనివాళ్ళు అలాగే నమ్ముతారు లెండి. వాళ్ళను మనం ఏమీ అనకూడదు." దీన్ని ఎవరూ ఆపలేదు. ఒకరైతే "చాలా సమన్వయంగా మాట్లాడారు" అని మెచ్చుకున్నారట. ఇప్పుడు ఇదే వాక్యాన్ని, మొదటి జవాబు చెప్పిన మనిషి పక్క కుర్చీలో కూర్చుని వినండి. ఆమె ఇప్పుడే తన నమ్మకం గురించి చెప్పింది. ఈయన ఆమె నమ్మకం గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె తెలివి గురించి అన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ మాట్లాడలేదని మీరే రాశారు. అది గమనించి కూడా కారణం ఎక్కడో వెతికారు.

ఈ ఉచ్చు గురించి ఎన్నిసార్లయినా చెప్తాను. గొంతు పెద్దదైతే ద్వేషం, మెత్తనైతే మర్యాద అని మన చెవి అనుకుంటుంది. అలా అనుకునే చెవితో మతచర్చ నడపలేం. నమ్మకం మీద కోపంతో ఊగిపోయే మనిషి చాలాసార్లు ఏదో పోగొట్టుకున్నవాడై ఉంటాడు. ఒకసారి నేను అలాంటి మనిషినే ఆపాను. "గొంతు తగ్గించండి" అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. కొడుకు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మొక్కని మొక్కు లేదని, ఆ కొడుకు దక్కలేదని తర్వాత తెలిసింది. ఆయన చెప్పబోయింది ఆ రోజు ప్రశ్నకు అందరికంటే దగ్గరి జవాబు. ఆ రోజే ఇంకొకరు నవ్వుతూ అన్న ఎత్తిపొడుపును నేను వదిలేశాను. అప్పటినుంచి గొంతు వినడం మానేసి, మాట ఎక్కడ తగిలిందో చూడటం నేర్చుకున్నాను.

ఎలా చూడాలంటే, నా అడ్డదారి ఇది. వాక్యం దేని గురించి అని అడగండి. "ఆ నమ్మకం తప్పు", "ఆ వాదనకు ఆధారం లేదు", "ఆ ఆచారం వల్ల హాని జరుగుతోంది" అన్నప్పుడు గురి నమ్మకం మీద ఉంది. ఎంత ఘాటుగా అన్నా సాగనివ్వండి. "నమ్మకం" అన్న మాట "నమ్మేవాళ్ళు"గా మారిన క్షణం చెవి నిక్కబొడుచుకోవాలి. "మీలాంటివాళ్ళు", "మీ వాళ్ళంతా", "వాళ్ళ బుద్ధే అంత" అన్న మాటలు వస్తే గురి మనిషి మీదకి మారిపోయింది. మూఢనమ్మకం అన్న మాట ఈ రెంటికీ మధ్య గట్టు మీద ఉంటుంది. చాలామంది ఆ మాటను నిషేధిస్తారు. నేను నిషేధించను. "సరిగ్గా దేన్ని మూఢం అంటున్నారు, ఎందుకు?" అని అడుగుతాను. కారణం చెప్తే చర్చ ముందుకెళ్తుంది. చెప్పలేకపోతే ఆ మాట తిట్టేనని అన్నవారికే తెలుస్తుంది.

ఐదో జవాబును కూడా ఎవరూ ఆపలేదు: "నిజమైన విశ్వాసంతో ప్రార్థించి ఉంటే తగ్గేది." చెప్పినవారిదీ, విన్నవారిదీ ఒకే మతం. "వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదా" అని వదిలేశామన్నారు. కానీ ఆ రోజు చెప్పిన మాటలన్నిటిలో ఎక్కువ గాయం చేసింది ఇదే. మంచాన పడ్డ మనిషిని, నీ జబ్బుకు నీదే తప్పు అనడమిది. బైబిల్లోని యోబు కథలో, కష్టాలపాలైన యోబుకు స్నేహితులు చేసింది ఇదే. ఇన్ని కష్టాలొచ్చాయంటే నువ్వేదో పాపం చేసుంటావని వాదిస్తారు. కథ చివర్లో దేవుడు ఆ స్నేహితుల మీదే కోపపడతాడు. కాబట్టి సొంత మతంవాళ్ళు అన్నారన్నది మినహాయింపు కాదు. "కష్టం గురించి మీ గ్రంథం ఏం చెప్తుందో చెప్పండి, ఎదుటివారి విశ్వాసం ఎంతో కొలవకండి" అని చెప్పాలి.

ఆరోది అందరికీ తెలిసిన "ముందు మీ మతంలో సంగతి చూసుకోండి". దీనికీ న్యాయశాస్త్రంలో పేరుంది, మతానుజ్ఞ. తన పక్షంలో చూపించిన దోషాన్ని కాదనకుండా, అదే దోషం నీ పక్షంలోనూ ఉందనడం. అంటే దోషం ఉందని ఒప్పుకున్నట్టే. "అయితే మీ వైపు కూడా ఆ దోషం ఉందని ఒప్పుకుంటున్నారా?" అని ప్రశాంతంగా అడగండి, చాలు.

ఆపేటప్పుడు ఏం అనాలి? పేరు పెట్టి, వాక్యం చూపించి, కొత్త వాక్యం అడగాలి: "ఇప్పుడన్న మాట ఆమె తెలివి గురించి. నమ్మకం గురించి మీకున్న అభ్యంతరం చెప్పండి, వింటాం." ఇంతకంటే పొడుగు వద్దు. "అందరి మనోభావాలనూ గౌరవిద్దాం" అన్న వాక్యాన్ని మాత్రం దయచేసి వదిలేయండి. అది తప్పు చేసినవారికి తగలదు, దెబ్బతిన్నవారికి ఆసరా ఇవ్వదు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళను మందలిస్తుంది. దెబ్బతిన్న మనిషిని అందరి ముందూ "మీకు బాధ కలిగిందా?" అని కూడా అడగొద్దు. ఆ ప్రశ్నతో ఆమెను ఇంకోసారి నిలబెట్టినట్టవుతుంది.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు తన 12వ శిలాశాసనంలో దీని గురించే చెక్కించాడు. అందులో వచగుతి అని ఒక ప్రాకృత పదం ఉంది, మాటను కాచుకోవడం అని అర్థం. తన మతం మీద భక్తితో పరమతాన్ని నిందించేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడని ఆ శాసనం చెప్తుంది. అందులో మాట్లాడొద్దని ఎక్కడా లేదు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలని ఉంది. మీరు మాటను కాచుకోవడాన్ని మాట ఆపేయడంగా తీసుకోకండి.

కుర్చీల ఏర్పాటు, సమయం, ఎవరు ముందు మాట్లాడాలి, ఇవన్నీ మీకు తెలిసినవే, రాయను. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. 1575లో అక్బరు ఫతేపూర్ సిక్రీలో మతచర్చల కోసం ఇబాదత్ ఖానా కట్టించినప్పుడు, మొదట్లోనే వచ్చిన గొడవ ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదాని మీద. వాళ్ళందరూ అప్పటికి ఒకే మతంవాళ్ళు. మీ చర్చలో గొంతులు లేచినప్పుడు అది నమ్మకం గురించేనా, లేక ఎవరి మాటకు విలువ దక్కలేదన్న దాని గురించా అని ఒకసారి చూడండి. రెండోదైతే ఆ మనిషి చెప్పింది బోర్డు మీద రాయండి. సగం గొడవ అక్కడే దిగిపోతుంది.

అభ్యాసం ఈసారి కష్టమైంది, వారం పడుతుంది. మీకు బొత్తిగా మింగుడుపడని మత విశ్వాసం ఒకటి ఎంచుకోండి. పది వాక్యాల్లో దాని తరఫున రాయండి, ఎక్కడా వ్యంగ్యం ఉండకూడదు. ఆ విశ్వాసం ఉన్న ఒక మనిషికి చదివి వినిపించండి. "అవును, నేను నమ్మేది ఇదే" అని వాళ్ళు అనేదాకా మార్చి రాస్తూ ఉండండి. మూడు నాలుగు సార్లు పడుతుంది, విసుగు పడొద్దు. ఆ తర్వాత అదే విశ్వాసం మీద మీకున్న గట్టి అభ్యంతరాన్ని ఐదు వాక్యాల్లో రాయండి, ఒక్క వాక్యంలోనూ "వాళ్ళు" అన్న మాట రాకూడదు. దాన్ని కూడా అదే మనిషికి చదివి వినిపించండి. వాళ్ళు ఏ వాక్యం దగ్గర ముఖం తిప్పుకున్నారో గుర్తు పెట్టుకుని, ఆ ఒక్క వాక్యాన్ని నాకు రాసి పంపండి.