బడి నుంచి యోగా చాప దాకా – 4వ పాఠం: ఫీజు ఎంత పెట్టాలి?

బడి ఉద్యోగం మాని సొంతంగా యోగా క్లాసులు పెట్టుకోవాలనుకునే టీచర్ల కోసం ఈ పాఠాలు. ముందు పోయిన పాఠం హోంవర్క్ సంగతి చూద్దాం. రాజీనామా చేశాక చేతికి ఎంత డబ్బు వస్తుందో లెక్కేసి రాయమన్నాను. చాలామంది పీఎఫ్ ఒక్కటే రాసి ఊరుకున్నారు, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు) ఊసే లేదు. ఒక చెల్లెమ్మ అయితే "ప్రైవేటు స్కూలు టీచర్లకు అది రాదని మా ఆఫీసులో చెప్పారండీ" అని రాసింది.

వస్తుంది. 2009లో గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి టీచర్లను అందులో చేర్చారు. అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు స్కూళ్లు దీని మీద కోర్టుకెళితే, సవరణ సరైనదేనని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకే స్కూల్లో ఐదేళ్లు ఆగకుండా పనిచేసి ఉంటే మొహమాటం లేకుండా అడగండి. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆ బేసిక్, డీఏ కలిపి 18,000 ఉండి, తొమ్మిదేళ్ల సర్వీసుంటే 93,461 రూపాయలు. ఈ అంకెను నోటుబుక్కులో ఓ మూల రాసి పెట్టుకోండి, ఈ పాఠం చివర్లో దీనితో పని ఉంది.

ఇక ఈ వారం విషయం ఫీజు. బడి నుంచి వచ్చినవాళ్లకు ఆసనాలకంటే ఇదే కష్టం. మన బోధన బాగుంటుంది, గొంతు బాగుంటుంది, వెనక వరసలో ఎవరు దిక్కులు చూస్తున్నారో ఇట్టే పట్టేస్తాం. ఫీజు మాత్రం ఎప్పుడూ మన చేతిలో లేదు. ఎంతో నిర్ణయించింది మేనేజ్‌మెంటు, వసూలు చేసింది క్లర్కు. ఫీజు కట్టలేదని పిల్లాణ్ని బయట నిలబెడితే మనం తలదించుకుని పాఠం చెప్పాం. దాంతో డబ్బు అడగడమంటేనే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ఆ బెరుకులో చాలామంది చేసే పని ఒకటుంది: పక్క వీధిలో వెయ్యి తీసుకుంటున్నారట, మనం ఎనిమిది వందలు పెడదాం అనుకోవడం.

పక్క వీధి ఆయనది సొంతిల్లేమో. బ్యాంకులో రిటైరై పెన్షన్ తీసుకుంటూ కాలక్షేపానికి చెబుతున్నారేమో. ఆయన వెయ్యికీ మీ వెయ్యికీ పొంతన లేదు. మీ ఫీజు మీ హాలు నుంచి, మీ ఇంటి ఖర్చు నుంచి పుట్టాలి.

చాపలు ఎన్ని పడతాయి?

టేపు తీసుకోండి. మామూలు యోగా మ్యాటు ఆరడుగుల చిల్లర పొడవు, రెండడుగుల వెడల్పు. అంటే పన్నెండు చదరపు అడుగులు కదా, 300 అడుగుల హాల్లో పాతికమంది పడతారని సంబరపడకండి. తాడాసనంలో నిలబెట్టి చేతులు పక్కలకు చాపమనండి. మనిషి ఎంత ఎత్తుంటే దాదాపు అంత వెడల్పు కావాలి, అంటే ఐదడుగుల పైమాట. చాపల్ని చదరంగం గళ్లలా ముందు వెనకలుగా వేస్తే కొంత కలిసొస్తుంది. అలా వేసినా మనిషికి ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అంటే 28 చదరపు అడుగులు తీసిపెట్టాలి. అంతకంటే ఇరుకైతే త్రికోణాసనంలో ఒకరి చెయ్యి ఇంకొకరి మొహానికి తగులుతుంది. కొత్తగా చేరినావిడ రెండోవారం నుంచి రాదు. ఎందుకు మానేసిందో చెప్పదు కూడా.

20 అడుగులు, 15 అడుగుల హాలు తీసుకుందాం. ముందు మీరు నిలబడటానికి 60 అడుగులు వదిలితే మిగిలేది 240. దాన్ని 28తో భాగిస్తే ఎనిమిది చాపలు. అంతే. తొమ్మిదోది పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

బ్యాచ్‌లు ఎన్ని?

ఎనిమిది పీరియడ్ల టైంటేబుల్‌కు అలవాటుపడ్డ ప్రాణం కాబట్టి రోజుకు ఐదు బ్యాచ్‌లు తేలికే అనిపిస్తుంది. తెలుగు పాఠం ఐదుసార్లు చెప్పగలం కానీ భుజంగాసనం ఐదు బ్యాచ్‌లకు చేసి చూపిస్తే నెల తిరక్కుండా మీ నడుమే పట్టేస్తుంది. మొదటి ఏడాది రెండు, మహా అయితే మూడు.

కేంద్ర ఆయుష్ శాఖ వాళ్ల కామన్ యోగా ప్రోటోకాల్ 45 నిమిషాలది. ప్రార్థన, చాలన క్రియలు (ఒంటిని వదులుచేసే కదలికలు), ఆసనాలు, కపాలభాతి, ప్రాణాయామం, ధ్యానం అన్నీ అందులో వచ్చేస్తాయి. గంట బ్యాచ్ పెడితే మిగిలిన పావుగంటలో మోకాళ్ల నొప్పి ఉన్నావిడకు విడిగా చెప్పొచ్చు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య మరో పావుగంట వదలండి, చెప్పుల దగ్గర కబుర్లకు అది చాలదు కానీ ఏదో సరిపెట్టుకోవాలి.

వేళలు మన ఊళ్ల పద్ధతిని బట్టి ఉండాలి. తెల్లవారుజాము 5:30కు వచ్చేది రిటైరైనవాళ్లు, వ్యాపారస్తులు, కొందరు ఉద్యోగులు. 7 గంటల బ్యాచ్ కాగితం మీద బాగుంటుంది కానీ ఆ వేళకు ఇళ్లలో లంచ్‌బాక్సులు సర్దుతుంటారు, సందు చివర స్కూలు బస్సు హారన్ కొడుతుంటుంది. గృహిణులు ఊపిరి పీల్చుకునేది పదిన్నరకు. ఆ బ్యాచే మీకు ఎక్కువకాలం నిలుస్తుంది. అందులో సగంమంది మీ పాత విద్యార్థుల అమ్మలే ఉంటారు, "టీచర్" అనే పిలుస్తారు. అయితే స్కూలు వాట్సాప్ గ్రూపులో ఉన్న నంబర్లకు మెసేజ్‌లు పంపకండి. అవి స్కూలు పనికోసం ఇచ్చిన నంబర్లు. వాళ్లంతట వాళ్లు అడిగితే వేరే మాట.

అద్దె పన్నెండు నెలలు, ఫీజు పది నెలలు

ఈ లెక్క దగ్గరే చాలా సెంటర్లు మూతపడతాయి. బడి జీతం సెలవుల్లో ఆగేది కాదు, కనీసం కాస్త మంచి స్కూళ్లలో. ఇక్కడ ఆగుతుంది.

సంక్రాంతికి ఆంధ్రాలో ఊళ్లకు ఊళ్లే కదులుతాయి, తెలంగాణలో దసరా, బతుకమ్మలకు అదే సందడి. మార్చిలో పిల్లల పరీక్షలని తల్లులు మానేస్తారు. మే నెలలో పుట్టింటికి వెళతారు, లేదంటే ఎండలకు భయపడి గడప దాటరు. శ్రావణంలో వ్రతాలు, పేరంటాలు. కార్తీకంలో తెల్లవారుజామున స్నానాలు, దీపాలు ఉంటాయి కాబట్టి 5:30 బ్యాచ్ పలచబడుతుంది. మళ్లీ జూన్‌లో బళ్లు తెరిచి, 21న యోగా దినోత్సవం వచ్చేసరికి ఫోన్లు మోగుతాయి. ఉద్యోగం మానేవాళ్లు ఏప్రిల్‌లో మాని, మే అంతా హాలు చూసుకుని, జూన్ రెండోవారంలో మొదలుపెట్టమని నేను చెప్పేది అందుకే.

యోగా దినోత్సవం గురించి ఇంకో మాట. 2025లో విశాఖ తీరంలో ప్రధాని వచ్చి లక్షలమందితో చేయించారు, అంతకుముందు నెలరోజులు యోగాంధ్ర పేరుతో ఊరూరా కార్యక్రమాలు జరిగాయి. యోగా పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది, మనకు మంచిదే. కానీ "యోగా ఫ్రీగానే చెబుతారు కదండీ" అనేవాళ్లు కూడా తయారయ్యారు. వాళ్లతో వాదన వద్దు. మైదానంలో వందలమందికి మైకులో చెప్పడం వేరు, ఎనిమిదిమందిలో ఎవరి నడుము ఎంత వంగుతుందో తెలిసి చెప్పడం వేరు. ఒకరోజు వచ్చి చూడమనండి.

కాబట్టి ఏడాది ఖర్చును పదితో భాగించాలి. పన్నెండుతో కాదు.

ఇప్పుడు లెక్క

రాజమండ్రి లాంటి ఊరు అనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోవాలి. ఆ 300 అడుగుల హాలు అద్దె 8,000. కరెంటు 1,000, ఊడ్చి తుడిచే మనిషికి 1,500, ఫోను, పాంఫ్లెట్లు, చిల్లర 2,000. మొత్తం 12,500. మీ ఇంటికి బడి జీతంగా వచ్చింది 22,000. అది కూడా ఖర్చులోనే రాయండి. "నాదేముందిలే, మిగిలితే చూద్దాం" అంటే చివరికి ఏమీ మిగలదు.

నెలకు 34,500, ఏడాదికి 4,14,000. పదితో భాగిస్తే 41,400. మూడు బ్యాచ్‌లకు 24 చాపలు. అన్నీ ఎప్పుడూ నిండవు, ముప్పాతిక వంతు అనుకుంటే 18 మంది. 41,400ను 18తో భాగిస్తే మనిషికి 2,300.

మన చిన్న ఊళ్లో గ్రూప్ క్లాసుకు నెలకు 2,300 అంటే నమస్కారం పెట్టి వెళ్లిపోతారు. అలాగని 1,000కి దిగితే నెలకు 23,400 తక్కువ పడుతుంది. చాలామంది ఇక్కడ ఫీజు తగ్గించడమా, పెంచడమా అని తల పట్టుకుంటారు. ఫీజు సంగతి తర్వాత, మార్చాల్సింది హాలు.

ఊళ్లో కూచిపూడి నేర్పే హాలు ఉంటుంది, సంగీతం క్లాసులు జరిగే చోటు ఉంటుంది. పిల్లలు బడి నుంచి వచ్చాక సాయంత్రాలే వాటిలో సందడి. పొద్దున్నంతా తాళం వేసి ఉంటుంది. ఆ నాట్యం మాస్టారుగారిని అడిగితే మధ్యాహ్నం 12 లోపు వాడుకోవడానికి 4,000కి ఇస్తారు అనుకుందాం. హాలు 30 అడుగులు, 20 అడుగులు. మీకోసం 100 అడుగులు వదిలి మిగిలిన 500ను 28తో భాగిస్తే 17 చాపలు. స్తంభం పక్కది తీసేసి 16 అనుకోండి.

హాలు మాస్టారుగారితో పంచుకుంటున్నాం కాబట్టి కరెంటు, ఊడ్చే మనిషి, చిల్లర అన్నీ కలిపి 2,500తో సరిపోతాయనుకుందాం. అద్దెతో కలిపి 6,500. మీ 22,000 కలిపితే 28,500. ఏడాదికి 3,42,000, పదితో భాగిస్తే 34,200. ఇప్పుడు రెండు బ్యాచ్‌లు చాలు, 5:30కి ఒకటి, 10:30కి ఒకటి. 32 చాపల్లో 24 నిండితే మనిషికి 1,425. ఫీజు 1,500 పెట్టొచ్చు. ఒక బ్యాచ్ తగ్గింది, మీ నడుమూ బాగుంటుంది.

అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాలు దొరికితే ఇంకా చవక. కాకపోతే అసోసియేషన్ మారినప్పుడల్లా మీ భవిష్యత్తూ మారుతుంది. ఒక్క హాలు మీదే ఆధారపడకండి.

ఆ 93,461

మొదటి నెల 24 మంది రారు. ఎనిమిదిమంది వచ్చారనుకోండి, 12,000 వస్తుంది. నాట్యం హాల్లో అయితే నెలకు 16,500 చేతి నుంచి పడుతుంది. గ్రాట్యుటీ డబ్బు అయిదున్నర నెలలు కాపాడుతుంది. 8,000 అద్దె హాల్లో అదే ఎనిమిదిమంది వస్తే లోటు 22,500, డబ్బు నాలుగు నెలలకే అయిపోతుంది. ఈ ఆరు వారాల తేడా చిన్నది కాదు. జూన్‌లో మొదలుపెట్టినవాళ్లకు దసరా అయ్యాక మళ్లీ జనం పుంజుకునే వేళ దాకా నిలబడటమా, అంతకు ముందే హాలు ఖాళీ చేయడమా అన్నది అందులోనే తేలుతుంది.

అందుకే ఆ డబ్బుతో గోడంతా అద్దాలు, మ్యూజిక్ సిస్టమ్, బుద్ధుడి బొమ్మ కొనకండి. అద్దం ఉంటే కొత్తవాళ్లు మీ మాట వినడం మాని వాళ్ల పొట్ట చూసుకుంటూ ఉంటారు.

అడగడం ఎలా?

ఫీజు ముందుగానే, ప్రతినెలా 5వ తేదీలోపు. ఈ ముక్క చేరిన రోజే చెప్పాలి, గోడమీద కాగితం అంటించి ఊరుకుంటే కుదరదు. బడిలో హాజరుపట్టీ ఉన్నట్టే ఇక్కడా ఒకటి పెట్టండి, అందులోనే ఫీజు తేదీ రాయండి. మనకు బాగా చేతనైన పని అది.

తప్పకుండా ఎదురయ్యే మాట: "మేడమ్, మా ఆడపడుచు కూతురి పెళ్లికెళ్లి పదిరోజులు రాలేదు, ఫీజులో తగ్గిస్తారా?"

మీరు ఇలా చెప్పండి: "మీ చోటు మీకే ఉంచానండీ, ఎవరికీ ఇవ్వలేదు. ఫీజు ఆ చోటుకే. పొద్దున బ్యాచ్‌లో ఖాళీ ఉంది, ఈ వారం అందులో కూడా వచ్చి కలుపుకోండి." నవ్వుతూ చెప్పండి, చెప్పాక ఇంకేమీ మాట్లాడకండి. మనకు వివరించే జబ్బు ఉంది. రెండోసారి వివరించడం మొదలుపెడితే వంద రూపాయలు తగ్గించేదాకా ఆగలేం.

చుట్టాలకు ఉచితం పెట్టొద్దు. వదినగారికి ఉచితమైతే ఆవిడ తోడికోడలు ఎందుకు కట్టాలి? నిజంగా కట్టలేనివాళ్లు ఉంటే ఒకటి రెండు చాపలు వాళ్లకని ముందే లెక్కలో తీసిపెట్టి, ఆ సంగతి మీలోనే ఉంచుకోండి. మూడు నెలలకు ఒకేసారి కడితే 4,500 బదులు 4,000 తీసుకోవచ్చు. కానీ అందులో రెండు నెలల డబ్బు ఇంకా మీది కాదు, విడిగా వేరే ఖాతాలో పెట్టండి.

పన్నుల సంగతి క్లుప్తంగా. 24 మంది, 1,500, పది నెలలు అంటే ఏడాదికి 3,60,000. మన రెండు రాష్ట్రాల్లోనూ సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటితేనే. యోగా సెంటర్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ప్రస్తుతానికి అది మనదాకా రాదు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. దానికి రెండువేలు అడిగే ఏజెంట్లు ఉంటారు, ఇవ్వకండి.

హోంవర్క్

మీ ఊళ్లో మూడు హాళ్లు చూడండి. వాటిలో ఒక్కటైనా పొద్దున ఖాళీగా ఉండే డాన్స్ క్లాసో, ట్యూషన్ సెంటరో అయి ఉండాలి. ఒక్కోదానికి చాపలెన్నో, నెల ఖర్చెంతో, పదితో భాగిస్తే ఫీజు ఎంత తేలుతుందో రాయండి. మూడింటిలో ఏదీ మీ ఊరికి తగ్గ ఫీజుకు రాకపోతే రాజీనామా పత్రం ఇంకా ఇవ్వకండి, నాలుగో హాలు చూడండి.

తర్వాత పెళ్లికెళ్లొచ్చినావిడకు చెప్పాల్సిన జవాబును మీ మాటల్లో రాసుకుని ఇంట్లో ఎవరితోనైనా నాలుగుసార్లు పైకి చెప్పి చూడండి.

వచ్చే పాఠంలో బీపీ, షుగర్, ఆపరేషన్ అయినవాళ్లు చేరతామంటే ఏమేం అడగాలి, ఎవర్ని డాక్టరు కాగితం తెమ్మనాలి అన్నది చూద్దాం.