అలివేలు అనే పేరు మూలం పట్టుకోవడం ఎలా?

అలివేలు అర్థం వెతికేవాళ్లు చాలామంది ‘అలి అంటే తుమ్మెద’ దగ్గర మొదలుపెట్టి దారి తప్పుతారు. తుమ్మెద ఉన్నది అలివేణిలో. తుమ్మెదల్లా నల్లని జడ గలది అలివేణి. అలివేలుకు ఆ మాటతో చుట్టరికం లేదు.

ముందు పూర్తి పేరును తెలుగు లిపిలో రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఎ, ఏ కలిసిపోతాయి. తిరుచానూరు అమ్మవారు అలమేలుమంగ. ఆ ఊరికి అలమేలుమంగాపురం అనే పేరూ ఉంది. అలివేలు ఆ పేరుకే ఇళ్లలో వాడే రూపం.

తర్వాత అక్షరాలు చూడండి. ఖ, ధ, భ లాంటి ఒత్తులుంటే సంస్కృతమో ఉర్దూనో అనుకోవచ్చు. హ్రస్వమైన ఎ, ఒ సంస్కృతంలో లేవు కాబట్టి పొన్నమ్మ లాంటి పేరుకు అక్కడ వెతకనక్కర్లేదు. తమిళంలో పొన్ అంటే బంగారం. అయితే వెంకటమ్మ దగ్గర జాగ్రత్త: వాడుకలో హ్రస్వమైనా పాత రూపం వేంకట. అలివేలులో ఈ గుర్తులేవీ లేవు. అలాంటప్పుడు తిరుపతి వైపు పేర్లకు తమిళ నిఘంటువు తప్పక తిరగేయాలి.

అక్కడ దొరుకుతుంది: అలర్ అంటే విరిసిన పువ్వు, మేల్ అంటే పైన, మంగై అంటే పడుచు. పువ్వు మీద కొలువైన తల్లి అలర్‌మేల్ మంగై. తమిళ భక్తికావ్యం తిరువాయ్‌మొళిలో వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ ఏడుకొండలవాడిని శరణు వేడుతూ ఆమెను ఈ పేరుతోనే తలుస్తారు. అన్నమయ్య (1408–1503) కీర్తనల్లో ఆమె అలమేలుమంగ.

ఇక మార్పులు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. మధ్యలో ర్ జారిపోయింది. తమిళ కాల్ మనకు కాలు అయినట్టే మేల్ మేలు అయింది. మామిడిని మావిడి అన్నట్టు మేలు వేలైంది. కాబట్టి చివరి ‘లు’ బహువచనం కాదు. చేతి వేలితో గానీ, వేల సంఖ్యతో గానీ ఈ పేరుకు సంబంధం లేదు. మంగను మంగళంతో ముడిపెట్టడమూ పొరపాటే.

పద్మావతి దీనికి మాటకు మాట అనువాదం కాదు. పద్మావతి అంటే పద్మాలు కలది. అలర్‌మేల్ మంగై పువ్వు మీద ఉన్నది. పేరు పెట్టేటప్పుడు ఈ తేడా తెలిసి ఎంచుకుంటే మంచిది.

జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోయినా ఫర్వాలేదు. నమోదైన 12 నెలల్లోపు రుసుం లేకుండా చేర్పించవచ్చు. ఆ తర్వాతైతే ఆలస్య రుసుం కట్టాలి. అలివేలా, అలమేలా, అలివేలుమంగా అన్నది ఇంట్లో ముందే తేల్చుకుని, ఇంగ్లీషు స్పెల్లింగు కూడా కాగితం మీద రాసి ఇవ్వండి.