తొమ్మిదో నెల రాకముందే ఆసుపత్రిలో అడగవలసినవి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌తోనే జరిగాయి. దేశ సగటు 21.5 శాతం మాత్రమే. మన ఆడపిల్లల్లో ఇంతమందికి మామూలు కాన్పు సాధ్యం కాదంటే నమ్మశక్యంగా లేదు. అందువల్ల ఏడో నెలలోనే, నొప్పుల హడావుడి లేనప్పుడే, ఆసుపత్రివారిని కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. తొలి కాన్పుల్లో ఎంతమందికి ఆపరేషన్ అవుతోంది, అర్ధరాత్రి మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా, నొప్పుల గదిలోకి తల్లినో అక్కనో రానిస్తారా అన్నవి ముఖ్యం. పక్కన ఒకరు విడవకుండా తోడుంటే సిజేరియన్లు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి.

ముహూర్తం కోసం ఆపరేషన్ కోరవద్దు. 39 వారాలు నిండకముందు అలా తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ.

నొప్పులు మొదలైన కొన్ని గంటలకు లోపలి పరీక్ష చేసి, "గర్భాశయ ముఖం మూడు సెంటీమీటర్లే తెరుచుకుంది, కాన్పు ముందుకు సాగడం లేదు" అంటూ తలుపు దగ్గర నిలబడ్డ భర్త చేతికి సంతకం కాగితం ఇస్తుంటారు. తల్లీబిడ్డలు బాగుంటే కంగారుపడనక్కరలేదు. అయిదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా నొప్పులు నెమ్మదిగానే సాగవచ్చనీ, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో ఆపరేషన్ చేయరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే స్పష్టం చేసింది. పేగు మెడకు చుట్టుకున్నట్టు స్కానింగ్‌లో కనబడినా, అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉందో, ఇంకొంతసేపు ఆగితే ఏమవుతుందో అడగండి.

అయితే మాయ గర్భాశయ ముఖాన్ని కప్పివేసినా, నొప్పుల సమయంలో బిడ్డ అడ్డంగా ఉండిపోయినా, గుండె చప్పుడు పడిపోయి కోలుకోకపోయినా సిజేరియనే ప్రాణం కాపాడుతుంది. అప్పుడు ఒక్క నిమిషం కూడా వాదించవద్దు. రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం వంటివి కనబడితే ఏ వేళలోనైనా వెంటనే బయలుదేరండి.

ఒకసారి ఆపరేషన్ అయిన తల్లికి మలి కాన్పులో మాయ పాత కోతకు అంటుకుపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. అలాగని రెండోసారీ కోత తప్పదనుకోవద్దు. గర్భసంచి కింది భాగంలో ఒకే అడ్డకోత ఉన్నవారిలో చాలామందికి, అప్పటికప్పుడు ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలో, మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. లోపలి కోత ఏ రకమో పైమచ్చను చూసి చెప్పలేరు కాబట్టి, ఆ వివరమూ ఆపరేషన్ కారణమూ డిశ్చార్జి కాగితంలో రాయించుకొని దాచుకోండి.